యూనిట్ల అయ్యోరు

అంకె ఒక్కటే చెబితే ఒప్పుకోక, దాని ఇంటిపేరు కూడా చెప్పమని నిలదీసే మనుషులు ప్రతి ఊళ్లోనూ ఒకరో ఇద్దరో ఉంటారు. చాలావరకు వీళ్లు కెమిస్ట్రీ చెప్పి రిటైరైనవాళ్లే. ఫిజిక్సు వాళ్లకీ ఈ జబ్బు సోకుతుంది గానీ, రిటైరయ్యాక ఇరుగుపొరుగు ఇన్వర్టర్లు బాగుచేసే పనిలో పడి కొంత తేరుకుంటారు. లెక్కల మాస్టర్లకి అసలు రాదు. ఎక్స్ విలువ ఏడని తేలితే వాళ్లకి హాయిగా నిద్ర పడుతుంది. ఆ ఏడు వంకాయలో వజ్రాలో వాళ్లకి అనవసరం.

మా నెల్లూరు జిల్లా విడవలూరులో ఉండే అటువంటి ఒకాయన్ని ఊరంతా యూనిట్ల అయ్యోరంటారు. అసలు పేరు పింఛను కాగితాల్లో ఉంది. మొన్న మే నెలలో టీకొట్టు దగ్గర ఎవరో పాపం మాటవరసకి, "నిన్న నెల్లూళ్లో నలభై దాటిందంట" అన్నాడు.

"నలభై ఏంది?"

"ఎండ సార్."

"ఎండని నాకూ తెలస్తానే ఉండాది. నలభై ఏందంటుండా."

"డిగ్రీలు."

"ఏ డిగ్రీలు? ఫారన్‌హీటు నలభై అయితే మనందరం దుప్పట్లు కప్పుకోనుండాల. కెల్విన్ నలభై అయితే నువ్వు పీల్చే గాలి గడ్డకట్టి కిందబడుండాల. కెల్విన్‌కి డిగ్రీ అనకూడదనుకో, అది వేరే సంగతి. సెల్సియస్ అని ఒక్కమాట అనేదానికి ఏం కష్టం నాయనా?"

ఆ నాయన టీ సగంలో వదిలేసి పోయాడు. అయ్యోరు ఆ గ్లాసు వైపు చూసి, మిగిలింది 40 మిల్లీలీటర్లు ఉంటుందని టీకొట్టాయనకి చెప్పాడు.

ఆయన మందు ముట్టడు. అయినా క్వార్టర్ అన్న మాట చెవినబడితే ఊరుకోడు. క్వార్టర్ అంటే నాలుగో వంతు. ఫుల్ బాటిల్ 750 మిల్లీలీటర్లు కాబట్టి నాలుగో వంతు 187.5 రావాలి. సీసా మీద ఉండేది 180. హాఫ్ అయితే సరిగ్గా 375. అంటే రెండు క్వార్టర్లు కలిపినా ఒక హాఫ్ కాదు, 15 మిల్లీలీటర్లు తక్కువ. "మీరు తాగేది తాగండి, లెక్క తప్పితే మాత్రం అడగండి" అని ఆయన బాధ. అడిగే స్థితిలో అక్కడెవరూ ఉండరు.

కరెంటు బిల్లు వచ్చిన రోజు ఇంకో గొడవ. బిల్లులో యూనిట్లు అని ఉంటుంది. జన్మంతా పిలకాయల్ని "యూనిట్ ఏది?" అని గద్దించిన మనిషికి జవాబు "యూనిట్" అని వస్తే ఎట్టా ఉంటుంది? మీటరు రీడింగు తీసే కుర్రాడిని అరుగు మీద కూర్చోబెట్టి, దాని పేరు కిలోవాట్ అవర్ అనీ, అది 36 లక్షల జౌళ్లనీ చెప్పి పంపాడు. మరుసటి నెల ఆ కుర్రాడు వీధి చివర్నుంచే బిల్లు ఇంకొకరి చేత పంపించాడు.

పెళ్లి సంబంధాలకి ఆయన్ని తీసుకెళ్లడం మానేశారు. "అబ్బాయికి పన్నెండు వస్తాయి" అని మధ్యవర్తి అనడం, "పన్నెండు ఏంది? వేలా, లక్షలా? నెలకా, ఏడాదికా? టాక్సు పోగానా, ముందా?" అని ఈయన అనడం. అడిగింది సరైన ప్రశ్నే, అక్కడున్న అందరికీ అదే సందేహం. కానీ అటువంటి చోట సందేహాన్ని మనసులోనే ఉంచుకోవడం మర్యాద. అదే మధ్యవర్తి "ఇరవై సవర్లు పెడతారంట" అంటే మాత్రం అయ్యోరు మెత్తబడ్డాడు. సవర ఎనిమిది గ్రాములు, మొత్తం 160 గ్రాములు, పేచీ లేదు. "రాళ్ల బరువు తీసేసేనా?" అని అడిగేసరికి అటువైపు పెద్దాయన కండువా దులిపి లేచాడు.

ఇంట్లో ఈ ఆటలు సాగవు. ఆయన భార్య చేసే చేపల పులుసుకి వీధిలో పేరుంది. ఆ పేరు ఏ కొలతల మీద నిలబడిందో కనుక్కోవాలని ఒకసారి నోటుబుక్కు పట్టుకుని పొయ్యి దగ్గర నిలబడ్డాడు. ఉప్పు ఎంత? తగినంత. కారం? చూసి వేసుకోవాల. చింతపండు? నిమ్మకాయంత. ఇక్కడ ఆయనకి ఆశ పుట్టింది. "ఏ నిమ్మకాయ? గూడూరు మార్కెట్టుకి పోయే కాయా, పెరట్లో కాసే కాయా? కిలోకి ఎన్ని తూగేది?" ఆమె గరిటె ఆపకుండానే, "తినేదుంటే కూర్చో, లేదంటే టైట్రేషన్ చేసుకో పో" అంది. ఆయన కూర్చున్నాడు.

టైట్రేషన్ అన్నాం గనుక ఆయన ప్రాక్టికల్స్ సంగతి చెప్పాలి. సర్వీసులో ఉండగా బ్యూరెట్ ముందు పిలకాయల్ని మోకాళ్లు వంచి నిలబెట్టేవాడు, కన్ను ద్రవం మట్టానికి సరిగ్గా రావాలని. పొడుగు పిల్లలకి ఆ భంగిమ నరకం. గాజుగొట్టంలో ద్రవం పైభాగం గిన్నెలా వంగి ఉంటుంది గదా, రంగులేని ద్రవమైతే ఆ వంపు అడుగు చూడాలి. పర్మాంగనేటు అయితే ఊదారంగులో అడుగు కనబడదు కాబట్టి పై అంచు చూడాలి. రీడింగు 24.5 అని రాస్తే కొట్టేసేవాడు. 24.50 అని రాయాలి. "ఆ సున్నా ఊరికే రాలేదురా, నువ్వు వంగి చూసినందుకు వచ్చింది" అనేవాడు. అంకె తప్పయి యూనిట్ రైటయితే అర మార్కు వేసేవాడు, అంకె రైటయి యూనిట్ లేకపోతే సున్నా. ఈ లెక్కన ఏమీ చదవకుండా అన్నిటికీ మోల్స్ పర్ లీటర్ అని రాసి గట్టెక్కిన వాళ్లున్నారు. వాళ్లలో ఇద్దరు ఇప్పుడు రొయ్యల మేత డీలర్లు.

పాఠం మధ్యలో విమానం కథ తప్పనిసరి. 1983లో ఎయిర్ కెనడా బోయింగు 767కి 22,300 కిలోల ఇంధనం కావాల్సి ఉంటే, కిలోలనుకుని 22,300 పౌండ్లతో బయల్దేరారు. లీటరుకి 0.8 కిలోలని లెక్కేయాల్సిన చోట 1.77 అని వేశారు. అది పౌండ్ల లెక్క. అంటే కావాల్సిన దాంట్లో సగం కూడా లేదు. ఆకాశంలో రెండింజన్లూ ఆగిపోతే, పైలట్లు గిమ్లీ అనే ఊళ్లో పాత రన్‌వే మీద గాల్లో తేల్చుకుంటూ దించారు. అందరూ బతికారు. గిమ్లీ ఏదో బుచ్చిరెడ్డిపాళెం పక్కన ఉన్నట్టు, తాను అప్పుడు అక్కడే గట్టు మీద నిలబడి చూసినట్టు చెబుతాడు.

నిజానికి ఆయన కష్టం యూనిట్లు లేకపోవడం కాదు, ఈ ఊళ్లో మరీ ఎక్కువగా ఉండడం. 1956లో చట్టం వచ్చింది, 1958 అక్టోబరు 1 నుంచి కిలోలు అడుగుపెట్టాయి, 1962కల్లా పాత తూకాలకి చట్టంలో చోటు లేకుండా పోయింది. విడవలూరు కయ్యల్లో మాత్రం ఇప్పటికీ పంట పుట్లలోనే పండుతుంది. ఇక్కడ పుట్టంటే 850 కిలోలు. ఇళ్ల స్థలం అంకణాల్లో అమ్ముతారు. మా నెల్లూరు అంకణం 36 చదరపు అడుగులు, వేరే చోట్ల 72. ఆ లెక్క మనసులో పెట్టుకుని వచ్చిన బంధువొకడు స్థలం చూసి, మిగతా సగం ఎక్కడని అడిగాడు. అయ్యోరికి ఆరోజు పండగ.

రొయ్యల గుంటల దగ్గర ఆయనకి నచ్చింది ఒక్కటే, కౌంటు. 30 కౌంటంటే కిలోకి 30 తూగుతాయి, 100 కౌంటంటే ఒక్కోటి 10 గ్రాములు. అంకె పెరిగే కొద్దీ రొయ్య చిన్నదవడం, ధర పడిపోవడం చూసి "విలోమానుపాతం" అంటూ మురిసిపోతాడు. టెక్నీషియన్ కుర్రాడు నీటిచుక్క వేసి, గొట్టంలోకి ఒంటికన్నుతో చూసి "పద్దెనిమిది" అంటే, "పద్దెనిమిది ఏంది?" అని పట్టుకుంటాడు. "పీపీటీ సార్, సాల్టు." "అట్టా చెప్పు. రామతీర్థంలో మునకేసే సముద్రం సుమారు 35. నీ గుంట అందులో సగం." అంతా సవ్యంగా సాగుతుండగా ఆ కుర్రాడు ఒకనాడు, "పీహెచ్ ఎనిమిది" అన్నాడు. "ఎనిమిది ఏం..." అని అయ్యోరు ఆగిపోయాడు. పీహెచ్‌కి యూనిట్ లేదు. అది లాగరిథమ్, వట్టి అంకె. 1909లో సోరెన్‌సెన్ అనే ఆయన డెన్మార్కులో కార్ల్స్‌బర్గ్ బీరు వాళ్ల ల్యాబులో కూర్చుని కనిపెట్టిన కొలత అది. క్వార్టర్ల గొడవకి మందు వాళ్లు ఇట్టా కక్ష తీర్చుకున్నారేమో. ఆ కబురు ఊళ్లో పాకింది. ఇప్పుడు ఆయన ఎవర్నైనా "ఏంది?" అని పట్టుకుంటే, పక్కనుంచి ఎవరో ఒకరు "పీహెచ్ సార్" అంటారు.

కోతలప్పుడు ఒక కల్లంలో వ్యాపారి తూకం వేయిస్తుంటే అయ్యోరు అటుగా పోయాడు.

"పుట్టంటే ఎంతబ్బయా?"

"తెలిసిందే గదా సార్, ఎనిమిదొందల యాభై."

"ఎనిమిదొందల యాభై ఏంది?"

"కిలోలు."

"మరి తొమ్మిదొందలు తూస్తుండారే?"

"తేమ ఉంది సార్."

"ఎంత?"

"శానా ఉంది."

"శానా అనేది ఏ యూనిట్ అబ్బయా? సర్కారు 17 శాతం దాకా ఒప్పుకుంటది. నీది ఎంత శాతం? మీటరు ఏది?"

మీటరు తెప్పించక తప్పలేదు. 16 చూపించింది. కల్లంలో రైతులందరూ నవ్వారు. అయ్యోరు నవ్వలేదు. బస్తాల వైపు చూసి, "గోతాలతో కలిపి తూస్తుండారు. గోతాం బరువు తీసేసి 850 చూడాల, అది వ్యాపారికి రావాల్సిందే" అన్నాడు. రైతుల నవ్వు ఆగింది, వ్యాపారిది మొదలైంది. చివరికి పుట్టి 850 కిలోలకే, గోతాం పోను, తూకం ముగిసింది. ఆయనకి ఇరువైపులా ఎవరూ కాఫీ ఇవ్వలేదు.

ఆయనతో అరగంట వేగడం ఎవరి తరమూ కాదు, కాటా దగ్గర మాత్రం ఆయన్ని మించిన మనిషి మండలంలో లేడు. ఈసారి మీ కల్లంలో తూకం పెట్టేముందు పిలవండి, తప్పకుండా వస్తాడు. ఫోన్లో ఉత్తినే "ఆరుకి రండి" అని మాత్రం అనకండి. పొద్దునో సాయంత్రమో చెప్పండి.