పొగన్న

పాలమూరు పెళ్ళిళ్ళలో ఒకప్పుడు అయ్యగారి మాటే చెల్లేది. ఇప్పుడు ఆయన్నే "అయ్యగారూ, జర జరగుండ్రి, ఫ్రేమ్‌లకొస్తుండ్రు" అని పక్కకు తప్పించేవాడొకడు తయారయ్యాడు. గద్వాలలో ఒకడు, వనపర్తిలో ఒకడు, నాగర్‌కర్నూల్‌లో ఒకడు. స్టూడియో బోర్డు మీద ఏ పేరున్నా నా లెక్కలో వాళ్ళంతా ఒకడే: పొగన్న.

మెడలో రెండు కెమెరాలు, మోకాళ్ళ దాకా మడిచిన ప్యాంటు, హోలీ వెళ్ళి నాలుగు నెలలైనా వేళ్ళకు వదలని ఊదా రంగు. సంచిలో లెన్సుల మధ్య నాలుగైదు పొగ గొట్టాలు. ఏ జంటకైనా ప్యాకేజీ ఒకటే. పొద్దున గద్వాల కోట గోడ, మధ్యాహ్నం వనపర్తి రాజావారి ప్యాలెస్, పొద్దుగూకే వేళకు సోమశిల కాడ కృష్ణ ఒడ్డు. మూడు చోట్లా పొగ లేవాల్సిందే.

"పొగెందుకు నాయనా?" అని అడిగానా, అయిపోయాను.

"సారూ, గిది ఉత్త పటాకనుకున్నవా? మిలటరీ ఖాన్‌దాన్!"

పొగన్న చదివిన యుద్ధశాస్త్రమంతా పబ్‌జీలోది. కింద పడ్డ దోస్తును లేపాలంటే ముందు చుట్టూ పొగ వెయ్యాలి. 2020 సెప్టెంబరులో ప్రభుత్వం ఆ ఆటను నిషేధించిన రోజు వాడు అన్నం ముట్టలేదట.

ఖాన్‌దాన్ మాట మాత్రం పూర్తిగా కోత కాదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1942లో అమెరికా సైన్యం ఎం18 అనే రంగుపొగ గ్రెనేడును తయారుచేసింది. కూల్‌డ్రింక్ టిన్నంత ఉంటుంది, అరకిలో పైచిలుకు బరువు. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, ఊదా రంగుల్లో నిమిషం అటూ ఇటుగా పొగ కక్కుతుంది. దాని కడుపులో ఉండేది మండించే మందు, చక్కెర, వంటసోడా, రంగు. చక్కెర నిదానంగా కాలుతుంది, రంగు మాడిపోకుండా సోడా వేడిని అదుపులో పెడుతుంది. ఆవిరైన రంగు బయటి గాలి తగలగానే సన్నటి పొడిగా మారుతుంది. అంటే మనకు పొగలా కనిపించేది గాల్లో తేలే రంగుపొడి. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పనిబడుతుంది.

వియత్నాంలో హెలికాప్టరు దిగాల్సిన చోటు చూపడానికి దీన్ని విసిరేవారు. ఏ రంగు విసిరారో నేల మీదివాళ్ళు ముందు చెప్పేవారు కాదు. తనకు కనిపించిన రంగును పైలటే చెప్పాలి, కిందివాళ్ళు అవుననాలి. లేకపోతే రేడియో వింటున్న శత్రువు కూడా అదే రంగు విసిరి రా రమ్మంటాడు. 1979 నాటి 'అపోకలిప్స్ నౌ' సినిమాలో ఒక కుర్ర సైనికుడు పడవ మీద సరదాకు ఊదా పొగ వదులుతాడు. కాసేపటికే ఒడ్డు నుంచి తూటాలొచ్చి పడతాయి. ఈ సినిమా పొగన్న చూడలేదు. చూసుంటే బాగుండేది.

మన దగ్గరా ఈ సామాను ఉంది. సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారం ఫ్యాక్టరీలో తయారయ్యే శరత్ యుద్ధవాహనం టరెట్‌కు అటు మూడు, ఇటు మూడు పొగ గొట్టాలుంటాయి. అది తనను తాను దాచుకోవడానికి. ఇక 2023 డిసెంబరు 13న ఇద్దరు లోక్‌సభలోకి దూకి పసుపు పొగ వదిలారు. టీవీలో అది చూసిన పొగన్న తల్లి కొడుకు డబ్బాలన్నీ తీసుకెళ్ళి వడ్ల గుమ్మిలో దాచింది. మర్నాడు షూటింగు బంద్.

మా అన్న బిడ్డ పెళ్ళికి ముందు ఫొటోల కోసం సోమశిలకు తోడు వెళ్ళింది నేనే. "అక్కా, నవ్వు. బావా, నడుం మీద చెయ్యెయ్యి. సారూ, మీరు జర అటు మొకం తిప్పుండ్రి." తిప్పాను. వెనకాల రింగు గుంజిన చప్పుడు, ఆ వెంటనే బుస్సుమని ఊదా మేఘం. సరిగ్గా అప్పుడే గాలి మర్లింది. ముందు పిల్ల మాయం, తర్వాత పిల్లగాడు, ఆ తర్వాత నేను. దగ్గుతుంటే ఎక్కణ్ణుంచో మేకలు కాసే అవ్వ అరుపు: "ఓ కొడుకా, ఏమంటుకున్నదిరా!" పాపం, చేతిలో ఉన్న బిందెడు నీళ్ళు దొరికిన ఆకారం మీద కుమ్మరించింది. ఆ ఆకారం కాబోయే అల్లుడు.

పొగ విడిచాక చూస్తే పిల్ల చీర కొంగు మీద ఊదా మరక. అది గద్వాల చీర. ఇద్దరు మగ్గం మీద కూర్చుని నూలు ఒంటికి పట్టు అంచును పోగు పోగునా ముడేసి నేసింది. వాళ్ళ రోజుల కష్టం మీద పొగన్న నిమిషంలో తన రంగు అద్దేశాడు.

"అక్కా, ఫికర్ చెయ్యకు, ఎడిటింగ్‌ల తీసేస్త!"

తీసేశాడు కూడా. ఫొటోలో మరక లేదు, చీర మీద ఇప్పటికీ ఉంది. ఆల్బమ్ చూసిన చుట్టాలు "పొగ మస్తుంది, ఇంతకూ పిల్లేది?" అని అడుగుతున్నారు.

మీ ఇంట పెళ్ళి కుదిరితే పొగన్న ఎలాగూ వస్తాడు, ఆపలేరు. మన రైతు తూర్పార పట్టే ముందు పిడికెడు పొట్టు వదిలి గాలి ఎటో చూస్తాడు. రింగు గుంజే ముందు వాడితో ఆ పని చేయించండి. గద్వాల చీరను మాత్రం పెట్టెలోంచి తీయకండి.