రోహిణి కార్తెలోనే బొంత మొదలుపెట్టండి

ఎండాకాలం చేతిపని అనగానే అందరూ ఇచ్చే సలహా ఒకటే: చిన్నది, తేలికైనది పెట్టుకోమంటారు. జేబురుమాలుకు అంచు, పాప గౌనుకు నాలుగు పువ్వులు. ఆ మాట వినకండి. తెనాలిలోనో, బాపట్లలోనో, రేపల్లెలోనో ఉంటూ వేసవిలో సూది పట్టాలనుకుంటే ఇంట్లో అన్నిటికన్నా పెద్ద పని, బరువైన పని పెట్టుకోండి. బొంత కుట్టండి. అదీ రోహిణి కార్తెలో.

బొంతకు కావలసింది ముందు నేల, తర్వాత ఎండ. వానాకాలంలో గచ్చు చెమ్మగిల్లుతుంది, సంక్రాంతికి ఇల్లంతా చుట్టాలు. మే నెల మధ్యాహ్నం మాత్రం గడప దాటేవాళ్ళుండరు, హాలు మొత్తం మీదే. పొద్దున పిండి ఆరేసిన పాత చీరలు భోజనాల వేళకే ఫెళఫెళలాడతాయి.

కత్తెర అవతల పెట్టండి. చీరాల చీరైనా, మంగళగిరి చీరైనా, మగ్గం మీద సాదాగా నేసిన నూలు చీరను చేత్తో చించాలి. అంచు దగ్గర పంటితో చిన్న గాటు పెట్టి, రెండు చేతులా పట్టి లాగితే చర్రుమని పోగు వెంటే పోతుంది. కత్తెర పట్టిన చెయ్యి వంకర పోవచ్చు గానీ పోగు పోదు. పాతబడి మెత్తబడ్డ చీరే మంచిది. పొత్తిళ్ళకు మన పెద్దవాళ్ళు కొత్త బట్ట వాడలేదు కదా!

రంగులు కలపడానికి కూర్చోకండి. టైలరు దగ్గర మిగిలిన లైనింగు ముక్క, జాకెట్టు ముక్క, నాన్నగారి పంచె చెంగు, ఏది చేతికొస్తే అదే పక్కన వేయండి. నప్పలేదనుకున్న ఆకుపచ్చా వంకాయరంగూ నాలుగు ఉతుకులకు సర్దుకుంటాయి. వెలిసిపోతుందని నీడలో ఆరేయమంటారు. వెలవనివ్వండి, వెలిసిన బొంతే అందం.

మిషను జోలికి పోవద్దు. నాలుగు పొరలు పాదం కింద పెడితే పై పొర ముందుకు జరిగి ముడతలు పడుతుంది. చేత్తో కుట్టేటప్పుడు ఆ ముడత వేలికి ముందే తెలుస్తుంది. పొరలు పరిచి, మూలల మీద ఆవకాయ జాడీలు పెట్టి, ఫ్యాను ఆపేసి కచ్చా కుట్టు వేయండి. ఫ్యాను తిరుగుతుంటే పొరలు లేస్తాయి. ఉక్క భరించండి, సాయంత్రం సముద్రం మీదుగా గాలి వస్తుంది. బాపట్లవాళ్ళకు సూర్యలంక దగ్గరే కాబట్టి ఇంకాస్త ముందే.

కచ్చా అయ్యాక మధ్య నుంచి బయటికి కుట్టమని పుస్తకాలు చెబుతాయి. మీరు అంచు నుంచి లోపలికి రండి. ఉత్తర కర్ణాటక అడవుల్లోని సిద్దీ తెగ స్త్రీలు కవంది అనే తమ అతుకుల బొంతను అలాగే, చుట్టూ తిరుగుతూ మధ్యకు వచ్చి ముగిస్తారు. మూలల్లో పువ్వులంటూ బట్ట ముక్కలు మడిచి కుడతారు. అవి లేకపోతే వాళ్ళ లెక్కలో కవంది పూర్తి కానట్టే.

రేపల్లె వైపు ఉప్పుగాలికి, చేతి చెమటకు సూదులు తుప్పు పడతాయి. అందుకని పెట్టెలో దాచకండి. కుట్టేటప్పుడు తలలో ఒకసారి దువ్వి తీయండి, కొబ్బరినూనె అంటుకుని బట్టలో సాఫీగా దిగుతుంది.

ఊలు అల్లేవాళ్ళకూ ఇదే మాట. స్వెట్టరు మే నెలలో మొదలుపెడితేనే ధనుర్మాసానికి చేతులు కూడా అతుకుతాయి. చెమటకు ఊలు పాడవుతుందని భయపెడతారు. ఇక్కడ ఊలని అమ్మేదాంట్లో చాలా భాగం ఆక్రిలిక్కే, ఉతికితే చెమట పోతుంది.

ఇక అమ్మకం మాట. కుట్టింది బాగుందని ఎవరైనా ధర అడిగితే చెప్పకండి. నర్సాపురం లేసు అల్లే స్త్రీల మీద మరియా మీస్ 1982లో పుస్తకం రాశారు. రోజుకు గంటల తరబడి అల్లి, ఎగుమతికి సరుకిచ్చిన ఆడవాళ్ళ శ్రమను వ్యాపారులు ఇంటిపట్టున ఖాళీగా ఉండి చేసుకునే పని అనేశారు, కూలీ కూడా అలాగే ఇచ్చారు. అది చదివితే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. అల్లికతో బతికేవాళ్ళు గంట గంటకూ లెక్క కట్టి తీసుకోవాలి. మీరు నిజంగా సరదాకి కుట్టేవాళ్ళయితే వాళ్ళ ధర పడగొట్టేలా వందకూ రెండొందలకూ ఇచ్చేయకండి. కానుపుకు వచ్చిన కూతురికివ్వండి, పనిలో తోడొచ్చిన పక్కింటి పిన్నిగారికివ్వండి.

జూన్‌లో బడులు తెరుస్తారు, ఈలోగా ముగించాలని మాత్రం తొందరపడవద్దు. మిగిలింది వచ్చే మే నెలకు ఉంచండి. సగం కుట్టిన బొంత మీద హాయిగా పడుకోవచ్చు, పడుకునే ముందు సూది తీసేశారో లేదో చూసుకుంటే చాలు.