అమృతభాండానికి జ్వరం

మన సినిమాల్లో విలన్‌ను కయ్యానికి పిలవాలంటే హీరో కత్తి తీయనక్కర్లేదు. "అమ్మ పాలు తాగినవాడివైతే రారా" అంటే చాలు, సుమోల నిండా జనం దిగిపోతారు. వాళ్ళలో ఒక్కడైనా ఆగి, "అన్నా, నాకు పాలిచ్చే రోజుల్లో మా అమ్మకి రొమ్ము వాచి, జ్వరమొచ్చి, మూడు దుప్పట్లు కప్పినా వణుకు తగ్గలేదట. ఈ సవాలు సంగతి కాస్త ఆలోచించుకుని వస్తా" అన్న సీను ఇంతవరకూ ఎవరూ రాయలేదు. రాసినా నిర్మాత ఒప్పుకోడు. తల్లిపాలు మనకు పౌరుషం. అవి వచ్చే చోటు మాత్రం నలుగురిలో నోరెత్తకూడని సంగతి.

పురాణాల్లో వెతికితే ఏమైనా దొరుకుతుందా అంటే అక్కడా ఇదే వరస. కృష్ణుడి అల్లరి గురించి అన్ని పద్యాలు చెప్పుకున్నాం కానీ, యశోదకు ఎప్పుడైనా చనుమొన పగిలిందా అని అడిగిన భక్తుడు లేడు. పాలిస్తూ బాధ తట్టుకోలేక వదలమని కేకలు పెట్టిన ఆడది అనగానే అందరికీ గుర్తొచ్చేది పూతన. ఆవిడేమో రాక్షసి. అందుకే కాబోలు, బిడ్డ నోరు పెట్టగానే "అబ్బా" అని పళ్ళు బిగబట్టిన బాలింతను చూస్తే మన పెద్దవాళ్ళకు ముందు కలిగేది జాలి కాదు, అనుమానం. "మేమంతా కనలేదా, ఇవ్వలేదా?"

ఏటా ఆగస్టు 1 నుంచి 7 దాకా తల్లిపాల వారోత్సవాలు జరుగుతాయి. ఊరి ఆసుపత్రి గేటు మీద ఫ్లెక్సీ వెలుస్తుంది. అందులో మంత్రిగారు పెద్దగా, ఎమ్మెల్యేగారు ఓ మోస్తరుగా, తల్లీబిడ్డలు ఓ మూలన ఉంటారు. పుట్టిన గంటలోపే ముర్రుపాలు, ఆరు నెలల దాకా తల్లిపాలే, తల్లిపాలే అమృతం. రాసినవన్నీ నిజాలే, పేచీ లేదు. కానీ ఆ అమృతభాండం ఎర్రబడి, రాయిలా గట్టిపడి, చలిజ్వరంతో వణికితే ఎవరి దగ్గరికి పోవాలో చెప్పే లైనొకటి ఉండాలి కదా! ఆ లైను పట్టాల్సిన చోట వార్డు మెంబరు గారు నమస్కారం పెడుతున్నారు.

మా పిన్ని కూతురికి కాన్పయి నెల తిరగకముందే ఈ బాధ వచ్చింది. పొద్దున కుడి రొమ్ము బయటివైపు ఎర్రటి చార కనిపించింది. మధ్యాహ్నానికి నైటీ గుడ్డ తగిలినా ఓర్చుకోలేకపోయింది. దీపాలు పెట్టే వేళకు పళ్ళు టకటకలాడే చలి. చంటాడు ఏడవగానే పాలు చేపుకొస్తాయి, ఆ చేపుతో పాటే నొప్పీ వస్తుంది. వాడు నోరు తెరుచుకుని దగ్గరకు వస్తుంటే ఈ పిల్ల కాలివేళ్ళు ముడుచుకుపోవడం నేను చూశాను.

వెంటనే ఇంట్లో ధర్మాసనం కొలువుదీరింది. అమ్మమ్మ దిష్టి అంది. ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి పొయ్యిలో పడేస్తే ఆ కోరుకు చంటాడు తుమ్మిన తుమ్ములు లెక్కపెట్టలేం. నిన్న పెరుగన్నం తింది కాబట్టి చలవ చేసిందని పెద్దమ్మ తేల్చింది. అదే పెరుగన్నం మీద మేనత్త పునర్విచారణ జరిపి, వేడి చేసిందని తీర్పు మార్చింది. ఒకావిడ మల్లెపూలు కట్టమంది. అవి పాలు మాన్పించడానికి కట్టేవని ఇంకొకావిడకు గుర్తొచ్చేలోపే మూర పూలు గుమ్మంలోకి వచ్చేశాయి. చివరికి పక్కింటావిడ చేతులు పైకి లాక్కుని రంగంలోకి దిగింది. పొగలు కక్కే నీళ్ళలో తువ్వాలు ముంచి కాపడం పెట్టి, గడ్డ కరగాలంటూ రెండు బొటనవేళ్ళతో మొదలుపెట్టింది. చపాతీ పిండిని కూడా అంత కసిగా ఎవరూ పిసకరు. పిల్ల అరుపుకి బావగారు గుమ్మం దాకా వచ్చి, "మగవాళ్ళు లోపలికి రాకూడదు" అనగానే ఎంతో గౌరవంగా వెనక్కి తగ్గారు. భార్య నొప్పికి అంత దూరంగా నిలబడే వరం మన సంప్రదాయం మగవాడికి ఊరికే ఇవ్వలేదు.

ఆ పక్కింటావిడ ఒక్కర్తినే తిట్టి ప్రయోజనం లేదు. మొన్నమొన్నటి దాకా డాక్టర్లు చెప్పిందీ దాదాపు ఇదే: కాపడం పెట్టు, మర్దన చెయ్యి, పాలన్నీ పిండి ఖాళీ చెయ్యి. అకాడమీ ఆఫ్ బ్రెస్ట్‌ఫీడింగ్ మెడిసిన్ అనే వైద్యుల సంఘం 2022లో ఆ పద్ధతిని తిరగరాసింది. లోపల కణజాలం వాచి పాలనాళాలు ఇరుకైనప్పుడు పిసికితే వాపు పెరుగుతుంది, లోపల గాయమవుతుంది. ఎంత పిండితే శరీరం అంత తయారుచేస్తుంది కాబట్టి పంపు పెట్టి అదేపనిగా లాగడమూ దండగే. గుడ్డలో చుట్టిన ఐసు పెట్టండి, ఐబుప్రోఫెన్‌ లాంటి నొప్పి మాత్ర వేసుకోండి, బిడ్డకు కావలసినంత బిడ్డను తాగనివ్వండి అన్నారు. ఒక రోజు చూసినా తగ్గకపోతే, లేదా అంతకుముందే ముదిరిపోతుంటే, యాంటీబయాటిక్ కావాలి. ఎక్కువసార్లు ఇందులో దోషి స్టాఫిలోకాకస్ అనే బాక్టీరియా, దానికి తరచూ దారిచ్చేది చనుమొన మీది పగులు. దిష్టి పాత్ర ఇంకా నిర్ధారణ కాలేదు.

తీరా ఆసుపత్రికి తీసుకెళ్తే, డ్యూటీలో ఉన్న డాక్టరుగారు బల్ల అవతలి నుంచే రోగం కనిపెట్టేశారు. చూడలేదు, ముట్టుకోలేదు. "ఇన్ఫెక్షన్ పాలమ్మా, బిడ్డకు పట్టకండి" అని, పాలు ఎండిపోవడానికి మాత్ర రాసిచ్చారు. ఈ జబ్బులోనూ బిడ్డకు పాలివ్వడం మానక్కర్లేదని, ఇవ్వడమే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2000లోనే చెప్పింది. ఉన్నపళంగా ఆపేస్తే పాలు లోపలే నిలిచి చీముగడ్డ అయ్యే ప్రమాదం పెరుగుతుంది. అప్పుడు స్కానింగు తీయాలి, సూదితో చీము లాగాలి, ఒక్కోసారి కోత కూడా పెట్టాలి. అంటే ఆ చీటీ మీద ఇప్పటి జబ్బుకు మందు లేదు కానీ, వచ్చే వారం రాబోయే జబ్బుకు ఆహ్వానం మాత్రం ఉంది.

తిరిగి ఇంటికొచ్చేసరికి డబ్బాపాల పొడి గూట్లో సిద్ధంగా ఉంది. బావగారు గుమ్మం దగ్గర ఖాళీగా నిలబడలేదు, పాపం. ఈ పొడులకు ప్రకటనలు వేయకూడదని మన దేశంలో 1992 నుంచీ చట్టం ఉంది. చిత్రమేమిటంటే తల్లిపాల వారోత్సవాలు మొదలైందీ ఆ ఏడాదే. కంపెనీవాళ్ళు ఆనాడు దిగులుపడి ఉంటే అనవసరంగా పడ్డారు. చూసే నాథుడు లేని ఒక నొప్పి, దాని చుట్టూ "పాలు చాలట్లేదేమో" అని రాగం తీసే నలుగురు చుట్టాలు ఉన్నచోట ఏ ప్రకటనతో పని? డబ్బా మీద తల్లిపాలే మేలని చట్టప్రకారం అచ్చేసి ఉంటుంది. ఆ ముక్క చదువుకుంటూనే మూత తీస్తాం.

అసలు మాట చెప్పింది మర్నాడు వచ్చిన ఆశా కార్యకర్త. "ముందు వాడు ఎలా పడుతున్నాడో చూడనివ్వమ్మా" అంది. చూస్తే చంటాడు చనుమొన కొస ఒక్కటే పట్టుకుని చప్పరిస్తున్నాడు. చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా నోట్లోకి వెళ్ళాలని, గడ్డం రొమ్ముకు ఆనాలని చెప్పి వాణ్ణి విడదీసి మళ్ళీ పట్టించింది. అప్పటిదాకా ఇంటిల్లిపాదీ పెరుగన్నం మీద వాదించారే కానీ ఇటు ఎవరి చూపూ పోలేదు. చూసి మందిచ్చే ఇంకో డాక్టరమ్మ పేరు చెప్పిందీ ఆవిడే. కాన్పు ఆసుపత్రిలో అయితే ఆశా 42 రోజుల్లో ఆరుసార్లు ఇంటికి వెళ్ళాలి. బిడ్డను తూకం వేయాలి, జ్వరం చూడాలి, తల్లి రొమ్ము సంగతి కూడా ఫారంలో నింపాలి. ఇంత చేస్తే కేంద్రం లెక్కలో ఆవిడకు దక్కే ప్రోత్సాహకం మొత్తం కలిపి 250 రూపాయలు. ఫ్లెక్సీకి ఎంతయిందో అడక్కండి.

ఉద్యోగస్తురాలి కోసం చట్టం చాలా ఆలోచించింది. 2017లో ప్రసూతి సెలవు 26 వారాలైంది. 50 మంది పనిచేసే చోట శిశుసంరక్షణ గది ఉండాలని, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్ళి బిడ్డను చూసుకోవచ్చని రాసుకున్నారు. చాలా ఆఫీసుల్లో ఆ గది ఉంది. అందులో పాత ప్రింటరూ, నిరుటి దీపావళి తోరణాలూ నిద్రపోతున్నాయి. బిడ్డ తాగాల్సిన వేళకు మీటింగులో కూర్చుని, పాలు నిండి బరువెక్కి, జాకెట్టు తడిసి, చున్నీ సర్దుకుంటున్న అమ్మాయిని చూసి మేనేజరుగారు "ఈమెకు శ్రద్ధ తగ్గింది" అని రివ్యూలో రాస్తారు. ఆయనా అమ్మ పాలు తాగి పెరిగినవారే.

ఇక గుంటూరు వైపు మిరపకాయల తొడిమలు తీసే కూలి ఆడవాళ్ళ దగ్గరికి ఈ చట్టాలు వెళ్ళినట్టు లేదు. వెళ్ళినా ఘాటుకు తిరిగొచ్చేసి ఉంటాయి. రోజంతా కాయలు తుంచిన వేళ్ళను ఇంటికొచ్చి సబ్బుతో ఎన్నిసార్లు రుద్దినా మంట పోదు. ఆ వేళ్ళతోనే రొమ్ము పట్టి బిడ్డ నోటికి అందించాలి. జ్వరమొచ్చి ఒకరోజు మానేస్తే ఆ రోజు కూలి పోతుంది, నాలుగు రోజులు మానేస్తే మేస్త్రీ ఆ చోట ఇంకొకర్ని కూర్చోబెడతాడు. ఈవిడకు 26 వారాల గురించి, ఐసు గడ్డల గురించి ఉపన్యాసం ఇవ్వాలని సరదాపడే పెద్దలెవరైనా ఉంటే, ముందు ఆ షెడ్డులో ఓ గంట కూర్చుని దగ్గు ఆపుకోగలిగితే మైకు పట్టుకోవచ్చు.