అటుదిటు తమ్ముడు

సిద్దిపేట శివారు నాగులబండలో 2023 జూన్ 15న ఐటీ టవర్ తెరిచారు. అటుదిటు తమ్ముడు దానితోపాటు పుట్టలేదు. ఆయన అన్నలు మాదాపూర్‌లో, బావలు డల్లాస్‌లో ఎప్పటినుంచో ఉన్నారు. టవర్ వచ్చాక ఆ వంశం మన చాయ హోటళ్లలో కూడా కనబడుతోంది, అంతే.

పోల్చుకోవడం తేలిక. స్క్రీన్ మీద ఎర్రటి అక్షరాలు పడగానే ఆయన చదవడు. పైథాన్ పాపం చివరి లైనులో తప్పేమిటో చెప్పే పెడుతుంది. తమ్ముడి చూపు అంతదాకా దిగదు. ఫంక్షన్‌కు పంపిన ఆర్గ్యుమెంట్లలో మొదటిదాన్ని కత్తిరించి చివర అతికిస్తాడు. ‘‘అటుదిటు చేస్తే అయితదన్నా’’ అంటాడు. మూడు ఆర్గ్యుమెంట్లయితే ఆరు వరుసలే కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు తగులుతుంది. నాలుగైతే ఇరవై నాలుగు. అప్పుడు చాయకు లేస్తాడు.

ఈయనను చెడగొట్టింది బారువడ్డీ. వడ్డీ లెక్కకు ఆయన రాసిన మొదటి ఫంక్షన్ అదే: అసలు, రేటు, కాలం. మూడింటినీ గుణించి నూటితో భాగించడమే గనుక ఏది ముందు పంపినా జవాబు ఒకటే. లక్ష రూపాయలు, 12 శాతం, రెండేళ్లు అంటే 24,000. రేటు చోట 2, కాలం చోట 12 పెట్టినా 24,000. వరుసదేముందిలే అన్న ధీమా ఆయనకు అక్కడే వచ్చింది. తర్వాత అదే అలవాటుతో చక్రవడ్డీ ముట్టుకున్నాడు. రావలసిన వడ్డీ 25,440. తమ్ముడు పంపిన వరుసకు 26,824 వచ్చింది. ఎర్ర అక్షరం ఒక్కటీ పడలేదు. రెండూ అంకెలే కాబట్టి పైథాన్‌కు అభ్యంతరం లేదు. అప్పు తీసుకున్నవాడికే ఉంటుంది.

ఇంకోసారి క్లాసు రాశాడు. ‘‘గిదేందన్నా, నేను ఒక్కటే ఇచ్చిన. రెండిచ్చినవంటది! దీనికి లెక్క రాదా?’’

‘‘లెక్క దానికి వచ్చు తమ్మీ. ఆబ్జెక్ట్ మీద మెథడ్‌ను పిలిస్తే ఆ ఆబ్జెక్టే మొదటి ఆర్గ్యుమెంట్‌గా పోతది. డెఫ్ లైన్ల సెల్ఫ్ ఏది?’’

తమ్ముడు సెల్ఫ్ రాశాడు. చివరన.

సీనియర్ ఒకాయన ఇక లాభం లేదని పేర్లతో పంపమన్నాడు: రేటు=12, కాలం=2. అలా రాస్తే వరుస ఏదైనా సరే, ఏ విలువ ఎక్కడికి పోవాలో అక్కడికే పోతుంది. ‘‘టైపింగ్ ఎక్కువైతదన్నా,’’ అన్నాడు తమ్ముడు, ఆరు వరుసలూ టైపు చేసే మనిషి. దాంతో సీనియరే డెఫ్ లైనులో అసలు తర్వాత ఒక నక్షత్రం గుర్తు పెట్టాడు. 2008లో వచ్చిన పైథాన్ 3 నుంచి ఈ సౌకర్యం ఉంది. నక్షత్రం తర్వాతివాటిని పేరు చెప్పకుండా పంపితే ఫంక్షన్ ఒప్పుకోదు, ఎర్రగా చెబుతుంది. నా మటుకు నాకు, తప్పు జవాబు కంటే ఆ ఎరుపే మేలు.

తెల్లారి చూస్తే ఎర్రర్ లేదు. నక్షత్రం కూడా లేదు.

‘‘అదే అడ్డమొస్తుండె. తీసేసిన,’’ అన్నాడు తమ్ముడు సంతోషంగా.

మనిషి మంచివాడు, అడిగితే కాదనడు. మీకెవరికైనా వడ్డీ లెక్క చేయించుకోవాలని ఉంటే నిశ్చింతగా వెళ్లండి. బారువడ్డీ అయితేనే సుమా.