కేసుమామ

మోటారు ప్రమాదంలో కాలో చెయ్యో విరిగినవారికి నష్టపరిహారం ఇప్పించే వకీలును ఎంచి పెట్టడమే జీవితకార్యంగా భావించే పెద్దమనిషి ఒకడు కడప జిల్లా లింగాల చుట్టుపట్ల ప్రతి ఊళ్లోనూ ఉంటాడు. వరస ఏదైనా అందరూ మామా అనే పిలుస్తారు కనుక, అతడిని కేసుమామ అనుకోవచ్చు. ఇతడిని దళారులలో చేర్చడం శాస్త్రీయం కాదు. వకీలు నుంచి ప్రతిఫలం పుచ్చుకుని కక్షిదారులను తెచ్చేవాడు దళారి అని 1879 నాటి లీగల్ ప్రాక్టీషనర్స్ చట్టం నిర్వచించగా, కేసుమామ పుచ్చుకునేది కడప దాకా కారులో ముందు సీటు, దారిలో ఒక కారం దోసె, ఆపైన ‘మామ లేకుంటే మా గతేంది’ అన్న ఒక్క మాట మాత్రమే.

ఇటువంటి మనిషి పుట్టడానికి కొంత కారణం నిబంధనల్లోనే ఉంది. వకీళ్లు తమను గురించి ప్రకటనలు వేసుకోరాదని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలలో 36వది చెబుతోంది. అమెరికాలో అటువంటి నిషేధాన్ని అక్కడి సుప్రీంకోర్టు 1977లో కొట్టివేయగా, యాక్సిడెంటు లాయర్లు రహదారుల పక్కన హోర్డింగులెక్కి చేతులు కట్టుకుని నిలబడ్డారు. పులివెందుల రోడ్డు మీద ఆ వీలు లేనందున ఆ పని కూడా మామే చేస్తాడు, పైగా హోర్డింగుకు లేని నోరు ఆయనకుంది.

మామ ఆస్పత్రికి చేరేవేళకు ఎక్స్‌రే కూడా తీసి ఉండరు. మంచం మీద ఉన్నది తన సొంత మేనల్లుడే అయినా, పార్నపల్లె దారిలో బండి మీంచి పడ్డ ముక్కూమొహం ఎరగనివాడే అయినా, ఆయన మొదటి ప్రశ్న నొప్పిని గురించి ఉండదు. ‘గుద్దినోని బండికి ఇన్సూరెన్సు ఉండాదా అబ్బీ?’ అని అడుగుతాడు. ఆడవాళ్లు కొంగు నోటికడ్డం పెట్టుకుని నొచ్చుకుంటారు గాని, ప్రశ్నలో తప్పేమీ లేదు. థర్డ్ పార్టీ బీమా, అనగా ఒక బండి వల్ల బయటివారికి కలిగే నష్టాన్ని కంపెనీ భరించే బీమా, అమలులో లేనిపక్షంలో కేసు గెలిచినవాడు కూడా ఆ సొమ్ము కోసం బండి యజమాని ఇంటి చుట్టూ ఏళ్ల తరబడి తిరగవలసి రావచ్చు.

వకీలు ఎంపికలో మామ సిద్ధాంతం ప్రధానంగా దూరానికి సంబంధించినది. పులివెందుల వకీలు రోజూ టీ అంగడి దగ్గర కనబడతాడు కాబట్టి ఆయనకు చట్టం పూర్తిగా తెలిసే అవకాశం లేదు. ప్రొద్దుటూరు వకీలుకు కొంత తెలుసు. కడప వకీలుకు బాగా తెలుసు. హైదరాబాదు వకీలుకు తెలియనిది లేదు, కాకుంటే ఫోను ఎత్తడు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 166వ సెక్షను ప్రకారం పరిహారపు దరఖాస్తును ప్రమాదం జరిగిన చోట గాని, బాధితుడు ఉండే చోట గాని, ప్రతివాది ఉండే చోట గాని ఉన్న ట్రైబ్యునల్లో, అంటే ఈ పరిహారాలను తేల్చడానికే ఏర్పడిన న్యాయస్థానంలో, వేసుకునే వీలుంది. బాధితుడికి తిరుగుడు తగ్గాలని కల్పించిన ఈ వెసులుబాటును, ఎంత దూరం పోతే అంత మేలని చట్టమే చెప్పినట్టుగా మామ అన్వయిస్తాడు.

రెండో కొలమానం గొంతు. మాట కోర్టు వరండాలోకి వినబడని వకీలును మామ నమ్మడు. నిజానికి ఈ కేసులలో కేకలతో ఒరిగేదేమీ లేదు. ఎఫ్‌ఐఆర్, ఛార్జిషీటు, గాయాల సర్టిఫికెట్, మందుల బిల్లులు నిలబడితే కేసు నిలబడుతుంది, ఆపరేషన్లతో ఊపిరాడని ఎముకల డాక్టరును ఒక పూట బతిమాలి బోనెక్కించగలిగిన వకీలు గుసగుసగా మాట్లాడినా గెలిచే అవకాశం ఎక్కువ. ఈ సంగతి మామకు ఎవరైనా చెబితే, ‘అట్లాంటోడు మన పక్క యాడుండాడు’ అని కొట్టిపారేసి, ఆ వెంటనే ఆ డాక్టరు తనకు ఏ వరసన బంధువవుతాడో లెక్క కట్టడం మొదలుపెడతాడు. తరచుగా అవుతాడు కూడా.

అంకెల దగ్గర మామ మరింత ప్రమాదకరం. కాలికి నలభై శాతం వైకల్యమని సర్టిఫికెట్టులో ఉంటే మనిషే నలభై శాతం పోయినట్టు లెక్క వేస్తాడు. కాని అవయవం కోల్పోయిన శాతం వేరు, దానివల్ల సంపాదన తగ్గిన శాతం వేరని రాజ్‌కుమార్ కేసులో 2010లోనే సుప్రీంకోర్టు తేల్చింది. కాలు ఈడ్చే గుమాస్తాకు జీతంలో పెద్దగా తగ్గకపోవచ్చు, అరటి గెలలు మోసేవాడికి బతుకే తగ్గుతుంది. ఆపైన గుణకం అనేది ఒకటుంది: ఏడాదికి తగ్గిన ఆదాయాన్ని వయసును బట్టి ఎన్ని రెట్లు చేయాలో చెప్పే ఈ అంకెను సరళా వర్మ కేసులో 2009లో సుప్రీంకోర్టు పట్టికగా స్థిరపరచింది. ముప్పై ఎనిమిదేళ్లవాడికి 15 వర్తిస్తుంది కాబట్టి, ఏడాదికి 24,000 రూపాయల సంపాదన తగ్గితే, ముందుముందు పెరగగల ఆదాయాన్ని కలపకముందు, ఆ పద్దు కింద 3,60,000 వస్తుంది. మామ మాత్రం ఊరిలో అందరికీ 18 వేస్తాడు. ఆ 18 పాతికేళ్ల లోపువారికి అని తెలిసిన తరువాత బాధితుడి వయసును తగ్గించే మార్గం వెతుకుతాడు.

ఫీజు ఫలితాన్ని బట్టి ఉండకూడదని, వచ్చినదానిలో ఇంత శాతం అని వకీలు మాట్లాడుకోరాదని బార్ కౌన్సిల్ నియమమే ఉన్నా, మామ చెవికి శాతం తప్ప మరొకటి ఎక్కదు. చీనీ కాయల మండీలో టన్నుకు ఇంత అని వ్యాపారి తీసే సూటు ఎట్లాంటిదో వకీలు ఫీజు కూడా అట్లాంటిదేనని నమ్మినవాడు కనుక, ‘సూటు ఎంత తీస్తావు సామీ?’ అని ఆఫీసులోనే అడిగేస్తాడు. వకీలు దగ్గుతాడు, గుమాస్తా ఫైలు చాటున నవ్వుకుంటాడు.

‘తొందరేముండాది, కేసు యాడికి పోతాది’ అనడం మరో అలవాటు. పరిహారపు దరఖాస్తు వేసే గడువును 1994 సవరణ ఎత్తివేసిన మాట నిజమే. 2022 ఏప్రిల్ 1 నుంచి ఆరు నెలల గడువు చట్టంలోకి తిరిగి వచ్చిన సంగతి మాత్రం ఆయన దాకా రాలేదు.

ఇన్ని చిక్కులు తెచ్చే మనిషిని ఊరు ఎందుకు వదులుకోదంటే, ఆయన చంకలోని సంచి వల్ల. ప్రొద్దుటూరు బంగారు అంగడి పేరు సగం చెరిగిపోయిన ఆ జిప్పు సంచిలో, బాధితుడి భార్య పొయ్యి దగ్గర పారేయబోయిన పన్నెండు రూపాయల దూది బిల్లు మొదలుకొని ఆటో చీటీ దాకా, తేదీల వారీగా దారంతో కట్టి ఉంటాయి. వకీలు వాదనకన్నా ఆ దారపు కట్ట తెచ్చిన పరిహారమే ఎక్కువని, ఎవరూ ఒప్పుకోకపోయినా, చెప్పక తప్పదు. వాయిదా రోజున సంగటి క్యారియరుతో కోర్టు వరండాలో సాయంత్రం దాకా కూర్చునేది కూడా ఈయన ఒక్కడే, సొంత బంధువులు మధ్యాహ్నం బస్సుకే వెళ్లిపోతారు.

అయితే, తనకే ప్రమాదం జరిగితే ఈ శాస్త్రమంతా మామ పక్కన పెడతాడు. గుద్దినవాడు దూరపు చుట్టమని తేలగానే స్టేషనుకు పోకుండా చెట్టు కింద రాజీ చేసుకుని, కట్టు ఖర్చులు, ఒక కొత్త పంచె తీసుకుని, మూడు నెలలు కుంటుతూ ఇతరుల కేసులు చూసుకుంటాడు. ఎఫ్‌ఐఆర్ ఏదని అడిగితే, మనోళ్ల మీద కేసేమిటని కసురుకుంటాడు.

ట్రైబ్యునల్ తీర్పు వచ్చిన సాయంత్రం, బాధితుడు అంకె విని కళ్లు తుడుచుకునేలోపే, మామకు అది చాలదని తోస్తుంది. అప్పీలు తొంభై రోజులలో హైకోర్టుకు వేసుకోవచ్చని, ఆ హైకోర్టు 2019 నుంచి అమరావతిలో ఉందని విన్నప్పటినుంచి, అంత దూరంలో ఉండే వకీలుకు ఇంకెంత చట్టం తెలిసి ఉంటుందోనని ఆయనకు నిద్ర పట్టదు; పొద్దున్నే ఫోను చేసి, పులివెందుల నుంచి విజయవాడకు రాత్రి బస్సు ఎన్నింటికని కనుక్కుంటాడు.