వంకర దోసకాయ

కీరదోసకాయ ఎంతవరకు వంగవచ్చునో నిర్ణయించుటకు ఒక శాసనము గలదని మొదటిసారి విన్ననాడు నేను చాలసేపు నవ్వితిని. 1988లో జారీయై 2009లో రద్దయిన ఆ ఐరోపా నిబంధన ప్రకారము, ఉత్తమశ్రేణికి చెందగోరు కీరదోస తన నిడివిలో ప్రతి 10 సెంటీమీటర్లకు 10 మిల్లీమీటర్లకంటె ఎక్కువ వంగరాదు; అంతకు రెట్టింపు వంగినది రెండవ తరగతితో తృప్తి పడవలెను; అంతకును మించి వక్రించినది, దేహమున మరి యే దోషమును లేకున్నను, సాటి కాయలతో పంక్తి గోల్పోయి వేరు పెట్టెలో కూర్చుండవలెను. 1994లో అరటిపండునకును ఇట్టి గౌరవమే కలిగినది: 'అసాధారణమైన వంపు' కూడదని అందులో వ్రాసిరి, అరటిపండునకు ఎంత వంపు సాధారణమో మాత్రము వ్రాయక ఊరకుండిరి. ఇక జాము సంగతి వేరు. జామనగా ఫలములతో కాచినదై యుండవలెనని నియమము. పోర్చుగల్ వారు క్యారెట్టుతో జాము కాచుకొందురు. నియమమును మార్చుట కష్టము, పోర్చుగల్ వారిని మార్చుట అంతకంటె కష్టము. కావున జాము నిమిత్తము క్యారెట్టును ఫలముగా పరిగణింపవలెనని శాసించిరి. గుమ్మడికి, మన కీరదోసకు సైతము అదే జాబితాలో ఫలత్వము సిద్ధించినది.

ఈ కొలబద్దలు పట్టుకొని కూర్చున్నవారి పూర్వచరిత్ర జ్ఞప్తికి వచ్చిన తరువాత నా నవ్వు కొంచెము వెలవెలబోయినది. 1870లో ఒకమారు, 1914లో ఒకమారు, 1939లో ఒకమారు, ఒక్క మనుష్యుని ఆయుర్దాయములో ఇముడునంత కాలమునందే, ఫ్రాన్సును జర్మనీయు మూడు యుద్ధములు చేసినవి. స్ట్రాస్‌బర్గు నగరమున పుట్టి, అక్కడనే పెరిగి, ఇల్లు కదలక కాలము వెళ్ళబుచ్చిన ముసలివాడు ఫ్రెంచివాడుగా పుట్టి, 1871లో జర్మనుడై, 1918లో ఫ్రెంచివాడై, 1940లో మరల జర్మనుడై, 1944లో మరల ఫ్రెంచివాడై యుండును. మన పల్లెలలో గట్టు జరిగినదని తలలు పగులగొట్టుకొందురే గాని, గట్టు జరిగినంతమాత్రమున ఇంటియజమాని జాతి మారదు. అటువంటి గడ్డపై, లక్షలాది యువకులు ఒకరి కడుపులో నొకరు బాయినెట్లు గ్రుచ్చుకొన్న పొలములలో, వారి మనుమలు కీరదోస వంపును గూర్చి వాదులాడుకొనిరి. ఇది పతనమా, అభ్యుదయమా అని నన్నడిగినచో, నేను కీరదోస పక్షమున సాక్ష్యము చెప్పుదును.

ఈ కథ కంతటికిని ఆద్యుడు రాబర్ట్ షూమన్. ఈయన పుట్టినది లక్సెంబర్గులో, పుట్టుకతో జర్మను పౌరుడు, మొదటి మహాయుద్ధానంతరము ఫ్రెంచి పౌరుడు, తుదకు ఫ్రాన్సునకు విదేశాంగ మంత్రి. సరిహద్దు తన తలమీదుగా పోయినవానికి సరిహద్దు బరువు తెలియును గదా. 1950 మే 9వ తేదీన ఈయన చేసిన ప్రకటనకు వెనుక నిలిచి వ్రాసినవాడు జాఁ మొనే, బ్రాందీ వర్తకుల యింట పుట్టినవాడు, జన్మలో ఒక ఎన్నికలోనైన నిలిచి గెలిచినవాడు కాడు. వీరిరువురును ప్రేమను గూర్చి గాని, సౌభ్రాత్రమును గూర్చి గాని పెద్ద ఉపన్యాసములు చేయలేదు. బొగ్గును, ఉక్కును ఉమ్మడి చేయుదమనిరి. దాయాదులిరువురి గొడ్డళ్ళును ఒకే కొలిమిలో కాగవలసి యుండి, ఆ కొలిమికి ఉమ్మడి గుమాస్తా యొకడు లెక్కలు వ్రాయుచుండగా, ఎవడు ఎవనికి తెలియకుండ గొడ్డలి నూరగలడు? 1951లో పారిస్ ఒడంబడికపై ఆరు దేశములు సంతకములు చేసినవి. ఒకరినొకరు నమ్మి చేయలేదు. నమ్మకము లేదు గనుకనే చేసిరి. ఈ సంగతిని మన సదస్సులలో ఉపన్యసించువారు ఎన్నడును చెప్పరు.

1957లో రోములో జరిగిన రెండవ ఒడంబడిక నాటికి ముద్రణ పూర్తికాలేదనియు, మహామంత్రులు మొదటి పుటకును సంతకముల పుటకును నడుమ తెల్లకాగితముల దొంతర నుంచి గంభీరవదనములతో చేవ్రాళ్ళు చేసిరనియు చెప్పుకొందురు. తెల్లకాగితముపై సంతకము చేయించుకొనుట మన వడ్డీవ్యాపారుల విద్య యనుకొంటిని; దానితో ఖండమును కూడ కట్టవచ్చునని అప్పుడు తెలిసినది.

ఉమ్మడి కాపురమునకు అలకలు సహజము. 1965లో ఫ్రాన్సు అధ్యక్షుడైన జనరల్ డిగాల్‌కు వ్యవసాయ నిధుల విషయమై కోపము వచ్చినది. మన పెండ్లిండ్లలో అల్లుడు అలకపాన్పు ఎక్కినట్లు ఫ్రాన్సు తన కుర్చీని ఖాళీచేసి, జూలై మొదలు మరుసటి జనవరి వరకు మంత్రుల సమావేశములకు రాలేదు. మిగిలిన యైదుగురును పాపము ఏ గడియారమును, ఏ స్కూటరును ఇచ్చి తీసికొనిరాగలరు? 1966 జనవరిలో లక్సెంబర్గులో రాజీ కుదిరినది. అత్యంత ముఖ్యమైన ప్రయోజనము ఇమిడియున్నప్పుడు అందరికిని సమ్మతమగు పరిష్కారమునకై యత్నింతురట. సమ్మతము కాకున్న ఏమి చేయవలెనను విషయమున మాత్రము ఏకాభిప్రాయము కుదరలేదని ఆ రాజీపత్రములోనే స్పష్టముగా వ్రాసికొనిరి. కుదరలేదని కుదుర్చుకొన్న ఇట్టి పత్రము నా యెరుకలో మరియొకటి లేదు. దానితోనే సమాఖ్య చాలకాలము నడిచినది.

వీరి లీలలలో నాకు మిక్కిలి ప్రియమైనది కసీస్ వ్యాజ్యము. ఫ్రాన్సులోని దిజోఁ పట్టణమువారు చిన్నచిన్న నల్లని పుల్లపండ్లతో కసీస్ అను తియ్యని మద్యము చేయుదురు; అందులో సారము నూటికి 15 మొదలు 20 వంతులు. ఆనాటి జర్మనీ చట్టము ప్రకారము పండ్ల మద్యములో 25 వంతులకు తగ్గరాదు. దిగుమతి వర్తకుడు కోర్టుకెక్కెను. జర్మను ప్రభుత్వము వారు ధర్మపీఠము నెదుట గంభీరముగా చేసిన వాదములలో నొకటి యేమనగా, సారము తక్కువైన మద్యము జనులకు సులభముగా అలవాటగునట, కావున ప్రజారోగ్య రక్షణార్థము గాఢమైన మద్యమునే అనుమతించుచున్నారట! 1995లో మద్యనిషేధము విధించి రెండేండ్లకే సడలించిన మన ఆంధ్రప్రదేశమునందు ఎన్ని వాదములు వినలేదు. ఇంతటి వాదము మాత్రము మనవారి కెవ్వరికిని తోచలేదు. లక్సెంబర్గులోని ఉమ్మడి న్యాయస్థానము 1979లో తీర్పు చెప్పినది: సీసాపై సారమెంతో వ్రాసిన చాలును, ఒక దేశమున ధర్మబద్ధముగా తయారై అమ్ముడుపోవు సరకును, బలమైన కారణము లేనిదే, మరియొక దేశము అడ్డగింపరాదు. ప్రతి వస్తువునకును ఉమ్మడి లక్షణము వ్రాయబూనిన ఎన్ని తరములకును ముగియని పని, ఈ యొక్క వాక్యముతో తేలికపడినది. ఏకవిపణి యని నేడు ప్రపంచము కొనియాడు మహాసౌధమునకు పునాదిరాళ్ళలో నొకటి ఒక మధురమద్యపు సీసా.

చాకొలెట్టు తగవు ఇంతకంటె దీర్ఘమైనది. 1973లో సమాఖ్యలో చేరిన ఇంగ్లీషువారు చాకొలెట్టులో ఇతర నూనెలను కొంచెము కలుపుదురు. అది చాకొలెట్టే కాదని ఫ్రెంచివారును బెల్జియమువారును పట్టుబట్టిరి. నూటికి 5 వంతులు కలుపవచ్చునని 2000 సంవత్సరమున తేలినది. ఇరువది యేడేండ్లు పట్టినను, ఒక్క తుపాకియు ప్రేలలేదు.

అట్లని ఐరోపావారిని అవతారపురుషులను చేయుట నా యుద్దేశము కాదు. పాలకు గిట్టుబాటు ధరను ప్రకటించి, ఎంత వచ్చినను తామే కొందుమనిరి. మన పురాణములలో క్షీరసాగరము సృష్టిలోనే యున్నది. వీరికి ధరల పట్టిక యొక్కటి చాలినది. వెన్న గిడ్డంగులలో కొండలై పెరిగి, 1973లో తమ గృహిణులు కొను ధరలో స్వల్పభాగమునకు సోవియట్టు కమ్యూనిస్టులకు అమ్మవలసి వచ్చినది; 1984లో పాలకు కోటాలు విధించి బయటపడిరి. వారి పార్లమెంటు సంగతి మరీ చోద్యము. ఏడాదికి పండ్రెండుమార్లు, 720 మంది సభ్యులును, వారి సిబ్బందియు, కాగితముల పెట్టెలును బ్రస్సెల్సు నుండి బయలుదేరి నాలుగు వందల కిలోమీటర్లకు పైబడిన దూరమున నున్న స్ట్రాస్‌బర్గునకు పోయి, నాలుగు దినములు కొలువుతీరి, మరల వచ్చుచుందురు. ఈ యాత్ర మానుకొన్నచో ఏటా 11.4 కోట్ల యూరోలు మిగులునని వారి ఆడిటర్లే 2014లో లెక్కగట్టిరి. కాని ఒడంబడికలో వ్రాసియున్నది, మార్చుటకు అందరును ఒప్పవలెను, ఫ్రాన్సు ఒప్పదు. నాలుగుమార్లు జెండా మారిన నగరమున కూర్చుండుటకు అయ్యెడి ఈ ఖర్చును ఏ పద్దులో వ్రాయవలెనో ఆడిటరులు మాత్రము తేల్చలేదు.

ధర్మము అందరికి నొకటే యనిరి గాని, అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్తకుండ యను న్యాయము అక్కడను నడచినది. బడ్జెట్టు లోటు జాతీయోత్పత్తిలో నూటికి 3 వంతులు మించరాదని 1992లో మాస్ట్రిక్ట్‌లో వ్రాసికొనిరి. ఆ నియమమునకై అందరికంటె ఎక్కువగా పట్టుబట్టిన జర్మనీయే, ఫ్రాన్సుతో జతగూడి, దానిని మీరినది; 2003 నవంబరులో ఆర్థికమంత్రులు శిక్షావిధానమును అటకెక్కించిరి. 2010 తరువాత గ్రీసు కుండ పగిలినప్పుడు అట్టి దాక్షిణ్యము కానరాలేదు. ఇక ఊరందరిది ఒక దారి, ఉలిపికట్టె దొకదారి యన్నట్లు, నలుబదియేడేండ్లు కాపురము చేసిన బ్రిటను, 2016లో నూటికి 51.9 వోట్లతో వేరుపడ నిశ్చయించి, 2020 జనవరి 31న వెడలిపోయినది. పంపకములకు మూడున్నర సంవత్సరములకు పైబడి పట్టినది. విడిపోవుట యొక దినమున జరుగును గాని పంపకములు దశాబ్దమైనను తెగవని తెలుగువారికి వేరుగా చెప్పనక్కరలేదు. అయినను ఒక సంగతి గమనింపుడు: పోదలచినవాడు ఏ తలుపున పోవలెనో, ఎన్నాళ్ళలో పోవలెనో ఒడంబడిక యాభైయవ అధికరణమున ముందే వ్రాసియుండినది. వాడు దానిని చదువుకొని పోయెను.

ఇదంతయు విని, మా యూరి వృద్ధ ప్లీడరుగా రొకరు తాంబూలము సవరించుకొనుచు ననిరి: "నాయనా, నలుబదియేండ్లు గట్టు తగాదాలు నడిపినవాడను. కోర్టు పక్కనే యున్న ఊళ్ళలో వ్యాజ్యములెక్కువ, ఖూనీలు తక్కువ. కోర్టు దూరమైన ఊళ్ళలో వ్యాజ్యములే లేవు. ఆ యూళ్ళను చూచి ఎంత శాంతమైన జనులో యనుకొందువేమో!"

ఆ మాట పట్టుకొని మన యింటివైపు తిరిగి చూచితిని. మనకును ఒక కూటమి కలదు. 1985 డిసెంబరు 8న ఢాకాలో ఏడు దక్షిణాసియా దేశములు సార్క్‌ను స్థాపించినవి. 2007లో ఆఫ్ఘనిస్తానము ఎనిమిదవదిగా చేరినది. మన పెద్దలు ఐరోపావారికంటె మర్యాదస్థులు. కూటమి చార్టరు పదవ అధికరణములో రెండు నియమములు వ్రాసిరి: నిర్ణయము లన్నియు ఏకగ్రీవముగా జరుగవలెను, ద్వైపాక్షికములును వివాదాస్పదములును అగు అంశములు చర్చకు రాగూడదు. అనగా, అందరును కూర్చుండవచ్చును, తగవు తక్క తక్కినదంతయు మాటాడవచ్చును. తగవులాడని సభనుండి తగవు లేచి పోయినది. పోయి సరిహద్దున కూర్చున్నది. 2006లో స్వేచ్ఛావాణిజ్య ఒప్పందము అమలులోనికి వచ్చినది. దానితోపాటు ప్రతి దేశమును తనకు సున్నితమైన వస్తువుల జాబితాను పెట్టుకొని, స్వేచ్ఛనుండి స్వేచ్ఛగా మినహాయింపులు తీసికొన్నది. ఐరోపా దేశముల వ్యాపారములో సుమారు నూటికి 60 వంతులు తమలో తాము చేసికొనునదే; మన ఎనిమిదింటిలో అది 5 వంతుల కటు నిటు. మధ్యలో భారత పాకిస్తానముల సరిహద్దున వాఘా కలదు. అక్కడ సాయంకాలమున సైనికుల కాలు ఎంత ఎత్తునకు లేచినదో చూచి రెండు పక్కల ప్రజలును దశాబ్దములుగా చప్పట్లు చరచిరి. కీరదోస ఎంత వంగినదో ఇరుపక్కలవారును కూర్చుండి కొలిచినది ఎన్నడును లేదు.

దేశాధినేతలు ఏటేటా సమావేశము కావలెనని అదే చార్టరు మూడవ అధికరణములో నున్నది. పదునెనిమిదవ సమావేశము 2014 నవంబరులో ఖాట్మండులో జరిగినది. పందొమ్మిదవది 2016లో ఇస్లామాబాదున జరుగవలసి, కాశ్మీరములోని ఉరీ సేనాస్థావరముపై దాడి తరువాత ఆగిపోయినది. ఖాట్మండులో సచివాలయము తెరచియే యున్నది. ఆతిథ్యమిచ్చిన దేశము తరువాతి సమావేశమున అధ్యక్షపీఠమును అప్పగింపవలెను గనుక, నేపాళము నాటినుండి ప్రధానమంత్రులను మార్చుకొనుచు, అప్పగించుకొనువాడు రాక, ఇంకను ఆ పీఠముననే కూర్చున్నది.