పావగడ చెఫ్ బాబు

తుమకూరు నుంచి మధుగిరి మీదుగా పావగడకొచ్చే బస్సు దారిలో కాసేపు ఆంధ్రలో దూరి మళ్ళీ కర్ణాటకలో తేలుతుంది. ఈ తాలూకాలో రేషన్ కార్డు కర్ణాటకది, బడి కన్నడం, ఇంట్లో తిట్లు తెలుగు. ఇక్కడ పుట్టి, హోటల్ మేనేజ్‌మెంట్ చదివి, బెంగళూరులో తెల్లకోటు తొడిగిన కుర్రాడికి తంటాలు తప్పుతాయా?

వంటగదిలో అతని పేరు ‘ఆంధ్రా’. గోంగూర మటన్ ఆర్డరొస్తే అతని మీదికే తోస్తారు. పాపం, గుంటూరు అతనికి పటంలోనే పరిచయం! అనంతపురంలో మేనత్త ఇంటికెళితే మాత్రం ‘మా కన్నడ పిల్లోడు’. పొద్దున్నే ఉగ్గాని, బజ్జి పెట్టి, "మీ పక్క ఇవి దొరకవు కదప్పా" అని జాలిపడుతుంది. అవే తిని పెరిగానని చెప్పడం అతనెప్పుడో మానేశాడు.

ఇంట్లో సరిహద్దు పొయ్యి మీదే ఉంది. సిరా వైపు నుంచి వచ్చిన అమ్మ ఉత్త రాగిపిండితో ముద్ద చేసి బస్సారు పోస్తుంది. పెనుకొండ అవ్వ బియ్యం ఉడికించి, పైన పిండి పోసి సంకటి గెలికి, పుల్లగూర వేస్తుంది. రెండూ బాగున్నాయంటే ఇద్దరికీ కోపమే.

2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరమనేసరికి పెద్ద హోటళ్ళకు రాగులు గుర్తొచ్చాయి. చెఫ్ బాబు దశ తిరిగింది. బారెడు పళ్ళెంలో నిమ్మకాయంత ముద్ద, పక్కన చుక్క ఊరిబిండి, పైన ఒక్క కొత్తిమీరాకు. ఫొటో చూసి అవ్వ అడిగింది: "మిగతాది ఎవరు తిన్నార్రా?"

ఉగాదికి కత్తుల సంచీతో సహా దిగుతాడు. అవ్వ తెడ్డు చేతికిస్తుంది. ఎసట్లో పిండి కుప్పగా పోసి, కలపకుండా, నడుమ తెడ్డు కాడతో బొక్క పొడిచి ఉడకనివ్వాలి. దించాక గిన్నె జారకుండా పాదాలతో అదిమిపట్టి గెలకాలి. ఇతనేమో థర్మామీటరు పెడతాడు. ఈలోగా ఉండలు కడుతుంది. పైగా పరధ్యానంలో ముద్దను నములుతాడు. "పట్నం పోయి మింగడం కూడా మరిచినాడే!" అని అవ్వ వీధి వీధికీ వినిపించేలా అంటుంది.

ఇక చెనిక్కాయలతో నూరే ఊరిబిండి సంగతి. తిరుమణి వైపు చిన్నాన్న చేను సోలార్ పార్కుకు గుత్తకు పోయింది. సుమారు 13,000 ఎకరాల్లో 2,050 మెగావాట్ల పార్కు అది. ఏటా గుత్త డబ్బులొస్తాయి, చెనిక్కాయలు మాత్రం సంతలో కొనాల్సిందే. మెనూలో ‘మా సొంత పొలం చెనిక్కాయలు’ అని రాయించుకున్నవాడికి ఇది కాస్త ఇబ్బందే. ప్రస్తుతానికి ‘పొలం’ కొట్టేసి ‘ఊరి’ అని దిద్దించాడు.